నాలుగో పాటలో గాజులు

గజపతినగరం చుట్టుపక్కల ఏ ఊరి ఆడవాళ్లనడిగినా గాజులు కాంతం కొట్లోనే కొనాలంటారు. బోర్డు మీద రాసింది ఆమె భర్త వెంకటరావు పేరే. పాపం, ఆ పేరుతో ఆ కొట్టుని పిలిచినవాళ్లు లేరు. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, ఆమె గాజుల దగ్గర. కాంతం గాజుల్ని కంటితో చూసి ఇవ్వదు. రెండేసి తీసి, చెవి దగ్గర ఒకదానికొకటి తగిలించి వింటుంది. మంచి గాజు గల్లుమంటుంది. కంటికానని పగులున్నది టక్కుమని ఊరుకుంటుంది. దాన్ని పక్కన పారేస్తుంది. పెళ్లివారూ సీమంతాలవారూ వెతుక్కుంటూ వచ్చేది ఆ చెవి కోసమే. శుభమా అని వేసుకున్న గాజు చిట్లితే ఎంతటివాళ్లకైనా మనసు కీడు శంకిస్తుంది కదా.

ఒకప్పుడు అదే కొట్లో క్యాసెట్లు, ఆ తర్వాత సీడీలు కూడా అమ్మేవారు. సీడీలు కొనేవాళ్లు కరువయ్యాక, మిగిలినవాటిని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నాడు వెంకటరావు. "నన్నూ ఆ తూకంలోనే ఎయ్యండి," అంది కాంతం. సీడీల పెట్టె ఇంటికొచ్చింది. ఏ పాటైనా ఫోన్లో వస్తుందని కొడుకు ఆనంద్‌కుమార్ ఎంత చెప్పినా ఆమె వినలేదు. ఫోన్లో పాట మధ్యలో ఎవడో దూరి పళ్లపొడి అమ్ముతాడు. సీడీలో ఆ బాధ లేదు. ఒక పాట అయ్యాక ఏది వస్తుందో ఒంటికి ముందే తెలుస్తుంది. పొద్దుటి కాఫీకి సన్నాయి సీడీ, మనసు బాగోలేనప్పుడు జోలపాటల సీడీ.

అన్నిటిలోకీ ప్రాణం మాత్రం వరినాట్లప్పుడు పాడే ఊడ్పుపాటల సీడీ. సాలూరు వైపు ఆడవాళ్లు పాడగా ఎవరో రికార్డు చేసింది. అందులో నాలుగో పాటకి డప్పుంది, ఒక ముసలామె గొంతుంది, వాటి అడుగున మొదటినుంచి చివరిదాకా గాజుల గలగల ఉంది. షావుకారింటి పిల్ల కాంతం ఏనాడూ మడిలో దిగలేదు. తను అమ్మిన గాజులు కొట్టు దాటాక ఏం చేస్తాయో ఆమె ఆ పాటలోనే విన్నది. చేతులు బురదలో ఉన్నా అవి మోగుతూనే ఉన్నాయి. మొదటిసారి విన్నప్పుడు బేరం వదిలేసి మరీ ఏడ్చింది. అప్పట్నుంచీ ఎన్నిసార్లు విన్నా ఆ గలగల దగ్గర ఆమె గుండె నిండిపోయేది.

ఈ వానాకాలం ఒక ఆదివారం ఆ పాట పెట్టుకుంటే గాజులు వినబడలేదు.

సీడీ తీసి పాత నూలుచీర ముక్కతో తుడిచింది. గీత కనబడితే వేలితో టూత్‌పేస్టు రాసి, కుళాయి కింద కడిగి, ఆరబెట్టి మళ్లీ పెట్టింది. డప్పు నిక్షేపంగా ఉంది. ముసలామె గొంతూ ఉంది. గాజులు లేవు. గీత పడ్డ సీడీ గంతులేస్తుంది, లేకపోతే ఒక్కచోటే తిరుగుతుంది. అంతేగానీ ఇన్ని చప్పుళ్లలో గాజుల్ని మాత్రం ఏరి మింగదు. సీడీలమ్మిన మనిషికి ఆ సంగతి ఇంకొకరు చెప్పాలా?

మర్నాడు కొట్లో గాజులు తగిలించి చూసింది. టక్కుమన్నాయి. ముదనష్టపు సరుకు పంపాడని హోల్‌సేలు వాణ్ని తిట్టింది. పాత సరుకు తీసింది. అదీ టక్కే. చివరికి తన చేతి గాజులే తగిలించుకుంది. తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు.

కాంతం తండ్రికి ఆమదాలవలసలో కిరాణా కొట్టుండేది. యాభై నిండకుండానే ఆయనకు చెముడొచ్చింది. ఉప్పడిగితే పప్పు కట్టేవాడు. "సెవిటి సావుకారు" అని ఊరంతా పేరు పెట్టింది. కొనే పని లేకపోయినా కుర్రకారు వచ్చి ఏదో ఒకటి అడిగి నవ్వేవాళ్లు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆయనా వాళ్లతో కలిసి నవ్వేవాడు. కాంతానికి అన్నిటికంటే ఆ నవ్వంటే భయం. పైగా పెళ్లిపీటల మీద కొత్త పెళ్లికొడుకు వెంకటరావు స్నేహితుడి వైపు వంగి, "మా మావకి సెప్పడమంటే సెవిటోడి ముందు శంఖం ఊదినట్టే," అన్నాడు. చాలా మెల్లగానే అన్నాడు. పక్కనున్న కాంతం విన్నది. ఆ రోజుల్లో ఆమెకు అన్నీ వినబడేవి.

అలాంటి మొగుడికి ఈ మాట ఎలా చెప్పడం? పైకి అంటే ఉన్న వినికిడి కూడా పోతుందేమోనని ఇంకో పిచ్చి భయం. బేరానికొచ్చినవాళ్ల పెదవులు చూస్తూ నెట్టుకొచ్చింది. వాళ్లు నవ్వితే గుండె గుభేలుమనేది. ఇంతలో మెంటాడ నుంచి ఒక రైతు భార్య, కోడలు సుహాసిని సీమంతానికి పచ్చగాజులు కావాలని వచ్చింది. "నువ్వు ఇని ఏరిన గాజులే పెట్టు కాంతమ్మా, మా పిల్లకి రెండుసార్లు కడుపు నిలబడ్నేదు," అంది. ఆ ఒక్క మాట కాంతానికి స్పష్టంగా వినబడింది. ఆదివారం తర్వాత వచ్చి పట్టుకెళ్లమని చెప్పి పంపేసింది. తన సిగ్గు కోసం ఆ పిల్ల చేతికి పగులు గాజు ఎక్కిస్తే దేవుడు క్షమిస్తాడా?

ఆదివారం మధ్యాహ్నం వెంకటరావుని కూర్చోబెట్టి నాలుగో పాట పెట్టింది.

"ఇందులో ఏటేటి వినబడతన్నాయో ఒక్కోటీ సెప్పండి."

"ఏటే, పరీచ్చా?"

"పరీచ్చే అనుకోండి."

పాటలంటే చెవి కోసుకునే మనిషి కాదాయన. అయినా బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. "డప్పు. ముసల్దాని పాట. ఎనకాల ఆడోళ్లు. ఎవులో దగ్గేరు."

"ఇంకేటి?"

"ఇంకేటీ నేదు."

కాంతానికి ప్రాణం లేచొచ్చింది. అరిగింది సీడీయే. తన చెవి చల్లగా ఉంది. ఇన్నాళ్లూ ఎంత చచ్చింది, ఎంత పిచ్చిది తను. నవ్వుతూనే అడిగింది.

"మరి గాజులో?"

"అదా," అన్నాడు వెంకటరావు కళ్లు తెరవకుండానే. "అది మన కొట్లో పొద్దస్తమానం ఇన్నదే కదా. దాన్నీ సెప్పాలేటి?"

"ఇప్పుడూ మోగుతన్నాయా?"

"మోగుతన్నాయి. ఏం, నీకు..."

అక్కడితో ఆగిపోయి కళ్లు తెరిచాడు. కాంతం ఆయన పెదవులకేసి చూస్తోంది. ఆ చూపు ఆయన ఎరిగినదే, మామగారి మొహంలో చూసినదే. లేచి పాట ఆపేశాడు. కుర్చీ ఈడ్చుకుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. గడ్డం పైకెత్తి, మాట మాటకీ ఆగుతూ, వీధికంతా వినబడేలా చెప్పాడు.

"భయపడకు. రేపు. కొట్టు కట్టేసి. విజీనగరం. ఎల్దాం. డాక్టరికి. సూపిద్దాం."

అందులో వెటకారం లేదు. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. కానీ కాంతం తండ్రితో ఊరంతా మాట్లాడిన గొంతు అదే, ఆ ఎత్తిన గడ్డమూ అదే. ఆమె ఆపమన్నట్టు చెయ్యెత్తింది, గాజులు ఒకదానికొకటి తగులుకున్నాయి.

"అరవకండి," అంది. "ఇంకా వినబడతన్నాది."