పాతగుడ్డల పెట్టె

అటక మీది రేకు పెట్టెను నిన్న కిందికి దింపి మూత తీయగానే, ఎండి పొడైపోయిన వేపాకు వాసన చేదుగా ముక్కుకు తగిలింది. పురిటికి వచ్చిన మా అమ్మాయి మౌనిక వారం రోజులుగా ఈ ఇంటిని ఖాళీ చేయిస్తోంది. ఏడాదిగా వాడని వస్తువు ఇంట్లో ఉండకూడదని ఎక్కడో విందట. పెట్టెలో ఒక స్టీలు బేసిను తప్ప ఏమీ లేదు. "ఇంత పెట్టెకి ఇదొక్కటేనా? రెండూ ఇచ్చేద్దామమ్మా" అంది. పెట్టె మా నాయనమ్మది. బేసిను ఆవిడకు కంటగింపు.

నా చిన్నప్పుడు నరసన్నపేట బజారులో మాది బెల్లం కొట్టు, దాని వెనకే పెంకుటిల్లు. ఆ ఇంట్లో గోనెలూ చీమలూ మా కంటే స్వతంత్రంగా తిరిగేవి. నాకు ఊహ తెలిసేసరికే తాతయ్య లేడు గాని ఆయన పంచెలు ఉండేవి. బతికినన్నాళ్లూ పొందూరు పంచె తప్ప మరొకటి కట్టలేదట. కొత్తలో గంజితో బిగుసుకుని ఉండే ఆ నేత, ఏళ్ల తరబడి ఒంటి చెమటనీ ఎండనీ ఉతుకునీ తిని, చివరికి పాల మీది మీగడంత మెత్తబడి, అంచులు చిరిగాక నాయనమ్మ పెట్టెలో చేరేది. చలి వెనకబట్టి ఎండ చురుక్కుమనే రోజుల్లో, ఉగాది ముందురోజు వచ్చే కొత్తమావాస్య పండక్కి ముందు, ఆవిడ అవన్నీ తీసి, ఉడకబెట్టి, కుంకుడు రసంతో ఉతికి, పెరట్లో ఈ కొస నుంచి ఆ కొసకు ఆరేసేది. లోపల పొంగడాలు వేగుతూ ఇల్లంతా బెల్లం కాలిన కమ్మదనం నిండుతుంటే, మేం ఆ తెల్లటి పంచెల మధ్య దాగుడుమూతలాడుతూ, వేడెక్కిన నూలు చెంపలకు తగిలించుకుంటూ పరుగెత్తేవాళ్లం. "ఒసే గుంటా, మట్టి సేతుల్తో ముట్టుకున్నావంటే సూడు, సేతులిరగ్గొడతాను" అని నాయనమ్మ గరిటెతో సహా పెరట్లోకి వచ్చేది.

అంత కోపం ఊరికే కాదు. పుట్టిన బిడ్డకు పురుడు వెళ్లేదాకా కొత్తబట్ట తొడగకూడదు, నిండుగా బతికినవాళ్ల పాతగుడ్డలోనే చుట్టాలి, అప్పుడే ఆ ఆయువు బిడ్డకు వస్తుందని మా వైపు నమ్మకం. తాతయ్య మనవల పెళ్లిళ్లు చూసి పోయిన మనిషి. అందుకని మా వీధిలో ఏ ఇంట్లో నొప్పులు మొదలైనా ముందు మా గుమ్మంలోకే వచ్చేవారు. నాయనమ్మ పెట్టె తెరిచి, ఒక్కో మడతా చెంపకు ఆనించి చూసుకుని, అన్నిట్లోకీ మెత్తనిది ఎంచి ఇచ్చేది. తర్వాత ఆ పిల్లలు వీధిలో ఆడుకుంటుంటే "ఈడు నా గుడ్డలోవోడే" అని అరుగు మీంచి చూపించి మురిసిపోయేది. ఆవిడ లెక్కన సగం వీధి మా ఇంటి పిల్లలే. ఒంటిమీద బంగారం లేని ఆ ముసలావిడకు అంతకు మించిన గొప్ప మరొకటి లేదు.

నాన్న చెడ్డవాడు కాదు, శుభ్రం పిచ్చి ఎక్కువ. ఒక వేసవిలో నాయనమ్మ చెల్లెలి ఊరికి పెళ్లికని వెళ్లినప్పుడు, ఎలకలు చేరుతున్నాయని ఆయన అటక మొత్తం దింపించాడు. సరిగ్గా అప్పుడే గంప నెత్తిన పెట్టుకుని స్టీలు సామాన్లావిడ వీధిలోకి వచ్చింది. పెట్టెడు పాతగుడ్డలు ఆవిడ మూటలోకి వెళ్లాయి, తళతళలాడే బేసిను మా ఇంట్లోకి వచ్చింది. నాయనమ్మ సంతోషిస్తుందని నాన్న దాన్ని ఆ పెట్టెలోనే పెట్టాడు. తిరిగొచ్చిన నాయనమ్మ మూత తీసి చూసి, అరవలేదు, ఏడవలేదు. "ఎవులైనా వస్తే ఏటి సెప్పాలిరా నాను?" అని మాత్రం అంది. నాన్నకు ఆ మాట అర్థం కాలేదు. నాకూ అప్పుడు కాలేదు.

అర్థమయ్యేలా చేసింది వెనకింటి సూరమ్మ. ఒక మధ్యాహ్నం పరుగున వచ్చి, "అత్తా, కోడలికి నొప్పులొచ్చీసినాయి. ఒక గుడ్డముక్క ఇయ్యి" అంది. "ఉండు" అని నాయనమ్మ లోపలికి వెళ్లింది. ఖాళీ అని తెలిసీ అలవాటు కొద్దీ పెట్టె తెరిచి, చాలాసేపు నిలబడి, బయటికి వచ్చి "నేదమ్మా" అంది.

సూరమ్మ నవ్వింది. "నీ ఇంట్లో నేకపోడవేటి?" అంది. మళ్లీ అదే జవాబు రాగానే ఆవిడ మొహం మాడిపోయింది. ఇవ్వడం ఇష్టం లేక అంటోందనుకుంది. పురిటిగుడ్డకు లేదనిపించుకోవడం మాటలా? నాయనమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. పెరట్లో ఆరేసిన చీర, ఉన్న రెండిట్లో మెత్తనిది, తీగ మీంచి లాగి నిలువునా చింపింది. ఆ చప్పుడుకి కొట్లోంచి నాన్న లేచి వచ్చాడు.

బిడ్డ బాగానే పుట్టాడు. కానీ ముసలమ్మ కట్టుచీర చింపి ఇచ్చిందన్న మాట వీధంతా పాకింది. మరి ఆ తర్వాత అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. నాన్న మర్నాడే పొందూరు వెళ్లి పంచెల జత తెచ్చి ముందు పెడితే, నాయనమ్మ వాటిని చేత్తో కూడా ముట్టలేదు. "కొత్తగుడ్డ నీ డబ్బుల్తో వస్తాది. పాతగుడ్డ ఎక్కడ కొంటావురా?" అంది. నాన్న తానే వాటిని కట్టడం మొదలుపెట్టాడు. అవి మెత్తబడేనాటికి నాయనమ్మ లేదు. చివరికి మా అమ్మ వాటితో కొట్లో గచ్చు తుడిచింది. అరుగు మీద కూర్చుని, వీధిలో కొత్తగా నడక నేర్చిన పిల్లల్ని చూస్తూ ఏమీ అనని నాయనమ్మ మొహం ఇప్పటికీ నాకు గుర్తుంది.

ఈ ఉదయం మౌనిక కట్టిన సంచులన్నీ వెళ్లిపోయాయి. బీరువాలో గాలి ఆడుతోంది, గది పెద్దదైంది, విజయనగరంలో ఈ ఇల్లు కట్టుకున్నాక ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. బేసిను, పెట్టె మాత్రం రేపు చూద్దాంలే అని ఆపాను. మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. అది వినివచ్చి మౌనిక, "అమ్మా, బిడ్డని చుట్టడానికి మెత్తటి పాత కాటన్ గుడ్డలు ఉతికి తెమ్మన్నారు. కొత్తవి ఒంటికి గరుగ్గా ఉంటాయట. ఉన్నాయా?" అంది.

"ఉండు" అని లేచి వెళ్లి బీరువా తెరిచాను. ఒక్కో చీరా తీసి చెంపకు ఆనించి చూశాను. అన్నీ జారిపోయే రకాలే. ఉన్న రెండు నూలుచీరలూ ఉదయమే సంచిలో వెళ్లాయి. పక్కవాళ్ల తలుపు కొడదామంటే వాళ్ల పేరేమిటో కూడా నాకు తెలియదు. తెరిచిన బీరువా ముందు నాయనమ్మలాగే చాలాసేపు నిలబడ్డాను.

"నేదమ్మా" అన్నాను.

"పోనీలే, దానికేముంది" అంటూ మౌనిక ఫోను చేతిలోకి తీసుకుంది. "ఇప్పుడే ఆర్డరు పెట్టేస్తాను."