ఇప్పపువ్వు గంపే నా గడియారం

ఎనిమిదో తరగతిలో తాలూకా స్థాయి క్రాస్ కంట్రీ పరుగు పోటీల్లో నేను ఆరోదాన్ని. జిల్లా పోటీలకు గడ్చిరోలి వెళ్లే జీపులో చోటు ఐదుగురికే. ఆ జీపు వెళ్లిపోతుంటే బడి గేటు పట్టుకుని ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. నాకు ఇప్పటికీ ఏడుపు కోపంలోనే వస్తుంది.

మా పీటీ సార్ మరాఠీ ఆయన, మాతో ఉండి తెలుగు నేర్చాడు. "ఏడ్సుడు బంద్ జెయ్. రోజు ఉరుకు. ఒక్క రోజు గూడ ఖాడా వెట్టకు" అన్నాడు. ఖాడా అంటే నాగా. నాకు పంతం ఎక్కువే గాని, బద్ధకం దానికి అక్క. ఉరకడం మొదలుపెట్టేసరికి ఇప్పపువ్వు రాలే కాలం వచ్చేసింది.

బామ్ని రోడ్డు మీద ఒక పెద్ద ఇప్పచెట్టు. అక్కడ మొదలుపెట్టి, రోడ్డు కింద వాననీళ్లు పోయే మోరీల్లో మూడోదాని దాకా పోయి రావాలి. చేతికి గడియారం లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్న జేబు వదిలేది కాదు. ఆ చెట్టు కింద, పక్క గూడెం గోండు అవ్వ ఒకామె తెల్లవారకముందే వచ్చి పువ్వు ఏరుకునేది. పువ్వు కనబడాలని కింద ఆకులు కాల్చిన వాసన, పువ్వు తీపి వాసన కలిసి ముక్కులో నిలిచేవి. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ కాళ్లు ఆగవు.

అవ్వ ఖాళీ గంప నేల మీద పెట్టగానే నేను ఉరికేదాన్ని. మొదటి వారం తిరిగొచ్చేసరికి గంప నిండి ఉండేది. తర్వాత ముప్పావు, ఆ తర్వాత సగం. ఎంత తొందరగా వస్తున్నానో అని ఇంట్లో అమ్మ దగ్గర ఒకటే గొప్పలు.

ఒక పొద్దున గంప అడుగున నాలుగు పిడికిళ్ల పువ్వే ఉంది.

"చూసినవా అవ్వా, ఎంత జల్ది వచ్చిన్నో" అన్నాను.

అవ్వ నడుం పట్టుకుని లేచి నవ్వింది. "ఏడ జల్ది బిడ్డా? పువ్వు అయిపోవట్టె. రాలితెనే గద గంప నిండేది."

తల కొట్టేసినట్టయింది. నెల రోజులుగా నేను కొలుస్తున్నది చెట్టును. రెండు రోజులు ఖాడా పెట్టాను. మూడో రోజు సార్ మా ఇంటి ముందుకే వచ్చి సైకిల్ బెల్లు ఆపకుండా కొట్టాడు. వీధి లేచేలోపు నేను లేచాను. ఆ తర్వాత ఎండల్లో, వానల్లో, ప్రాణహిత పొంగి రోడ్డంతా బురదైనప్పుడు కూడా మానలేదు.

తొమ్మిదో తరగతి తాలూకా పోటీల్లో ఐదోదాన్నయ్యాను. కాని ఎప్పుడూ మొదట వచ్చే అమ్మాయి జ్వరంతో పోటీకే రాలేదు. జీపులో అందరూ నాది "జ్వరం సీటు" అన్నారు. వాళ్లతో కొట్లాడదామంటే, అది నిజం కాదని నాకే నమ్మకం లేదు. గడ్చిరోలి దాకా దారిలో మోరీలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మళ్లీ ఇప్పపువ్వు రాలింది. అవ్వ గంప పెట్టింది, నేను ఉరికాను. తిరిగొచ్చి చూస్తే గంప సగం కూడా లేదు.

"ఈసారి గూడ పువ్వు తక్కువున్నదా అవ్వా?"

"కండ్లు గనవడ్తలేవా?" అంటూ అవ్వ చెయ్యి చుట్టూ తిప్పింది. అడుగు పెట్టే సందు లేకుండా పువ్వు పరుచుకుని ఉంది. "నువ్వే జల్ది వచ్చినవ్. నన్ను జర ఏరుకోనియ్యి."

అంత సంతోషం జీపెక్కిన రోజు కూడా కలగలేదు. కూర్చుని, గంప నిండేదాకా నేనూ ఏరాను.