పిళ్ళప్ప నోరు మెదపని ఎండాకాలం

చింతామణి టమాట మార్కెట్టుకు పొద్దున పోయినవాళ్ళకు పిళ్ళప్పను వేలుపెట్టి చూపించాల్సిన పని ఉండేది కాదు. గేటు దాటకముందే ఆయన గొంతు వచ్చి తగిలేది. ఆంజనేయప్ప మండీలో హరాజు కూగేది, అంటే వేలంపాట అరిచేది, ఆయనే. రైతులు దించిన బాక్సుల వరసల మధ్య నడుస్తూ, ఒక వ్యాపారి చెప్పిన ధరను అందుకుని, ఇంకొకడు దానికి మించి చెప్పేదాకా అదే ధరను తిప్పి తిప్పి అరవడం ఆయన పని. ఆ అరుపు తెలుగులో మొదలై, కొనేవాడి ముఖం చూసి కన్నడలోకి పోయేది. తమిళనాడు లారీలు వచ్చిన రోజు తమిళంలోకి కూడా పోయేది.

ఆయనది కెంచార్లహళ్ళి. వయసులో ఉన్నప్పుడు సొంత తోట టమాటలే మండీకి తెచ్చేవాడు. ఒకరోజు హరాజు కూగే మనిషి పెళ్ళికి పోయి రాలేదు. ఎండ ముదిరిపోతోంది, పండు మెత్తబడుతోంది, ఎవరూ కదలడం లేదు. పిళ్ళప్పకు ఓపిక పట్టే అలవాటు పుట్టుకతోనే లేదు. ఒక బాక్సు బోర్లించి దానిమీదికెక్కి తన సరుకుకు తానే ధర అరిచాడు. అయిపోయాక పక్క రైతు సరుకుకూ అరిచాడు. ఆంజనేయప్ప అప్పుడు కుర్రవాడు, గల్లాలో కూర్చుని అంతా చూశాడు. "రేపు కూడా రాప్పా" అన్నాడు. అట్లా పోయినవాడు మళ్ళీ పొలంలో మడక పట్టలేదు.

ఇంట్లో కూడా అదే గొంతు. నీళ్ళు అడిగినా, అన్నం చాలన్నా వీధి చివరిదాకా వినపడేది. ఆయన భార్య చౌడమ్మ దిబ్బూరహళ్ళి ఆడబిడ్డ, మాట నెమ్మది. "నేను ఈడే ఉండానప్పా, నిదానంగా చెప్పు" అనేది. నిదానంగా చెప్పడం ఎట్లాగో ఆయనకు తెలిసేది కాదు.

ఆ ఏడు శివరాత్రి పోయిన కొన్నాళ్ళకు గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, తేనె నాకాడు. తగ్గలేదు. టమాట జోరుగా దిగుతున్న ఒక పొద్దున, వరస మధ్యలో ధర అరుస్తుండగా గొంతు తెగిపోయినట్లు ఆగిపోయింది. నోరు ఆడుతోంది, సద్దు రావడం లేదు. మండీలో ఆయన కింద పని నేర్చుకుంటున్న ఆనంద్‌కుమార్ పరుగున వచ్చి ఆ వరస ముగించాడు. వ్యాపారస్తులు ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనుకున్నాడు పిళ్ళప్ప.

చౌడమ్మ ఆయన్ను బస్సెక్కించి చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరు ముక్కులోంచి సన్నని పైపు దించి, లోపలున్నదంతా టీవీలో చూపించాడు. గొంతులో మాట పుట్టే తీగలమీద చిన్న గడ్డ.

"ఇది తీసేయాల. తీసి పరీక్షకు పంపాల" అన్నాడు.

పరీక్ష దేనికని వాళ్ళు అడగలేదు, ఆయనా చెప్పలేదు. ముగ్గురికీ తెలుసు.

గడ్డ తీసేశారు. ఇంటికి పంపేముందు డాక్టరు గట్టిగా చెప్పాడు. పుండు మానేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు కూడా పనికిరావు, అవి ఇంకా చేటు. దగ్గు వచ్చినా నెమ్మదిగా మింగాల. పిళ్ళప్ప తల ఊపాడు. చౌడమ్మ మాత్రం, ఇది అయ్యే పని కాదని మనసులో అనుకుంది.

ఇంట్లో వాళ్ళిద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒక చప్పట కొడితే అవును, రెండు కొడితే కాదు. అయినా ఆయన నోరు ఊరుకునేది కాదు. ఇంటి ముందు ఎవరో ట్రాక్టరు అడ్డం పెడితే చాలు, గడపలోకి వచ్చి ఛాతీనిండా గాలి పీల్చేవాడు. చౌడమ్మ వెనకనుంచి భుజం పట్టుకుని లోపలికి లాక్కొచ్చేది.

వాళ్ళ కూతురు నేత్ర బెంగళూరులో ఒక కంపెనీలో పనిచేస్తుంది. శనివారం ఇంటికొచ్చి రెండు రోజులు ఈ తంతు చూసింది. మరుసటి వారం వచ్చేటప్పుడు తను ఆడుకునే గేమ్ బాక్సు సంచిలో పెట్టుకొచ్చి టీవీకి తగిలించింది.

"అప్పా, ఇది జపాన్‌లో, రాజుల కాలంలో జరిగే కథ. వీడు నింజా, అంటే చాటుగా తిరిగే వేగులవాడు. ఆ కోటలో ఒక ఊరిపెద్దను కట్టేసిండారు. ఎవురికీ కనపడకుండా, సద్దు చేయకుండా లోపలికి పోయి ఆయన్ను బయటికి తేవాల. సద్దు చేస్తే కావలోళ్ళు మీద పడతారు."

పిళ్ళప్ప కూతురి వైపు కోపంగా చూశాడు.

"ఎగతాళి కాదప్పా. చేతికి పనుంటే నోరు ఊరుకుంటాది. అంతే."

మొదట్లో ఆ ఆట రిమోటు ఆయన చేతుల్లో సబ్బు ముక్కలా జారేది. ఏ బొత్తాం ఎందుకో తెలిసేది కాదు. తెలిశాక కూడా ఆయన ఒకటే చేసేవాడు. కోట వాకిలి తీసి ఉంటే చాలు, నట్టనడి అంగణంలోకి పరుగు పెట్టేవాడు. పరిగెత్తినప్పుడల్లా నింజా కాళ్ళ చుట్టూ తెల్లటి వలయం విచ్చుకునేది. సద్దు ఎంతదూరం పోయిందో అది చూపిస్తుందని నేత్ర చెప్పింది. ఆ వలయం తగిలిన కావలివాళ్ళంతా లాంతర్లు పట్టుకుని తిరిగేవాళ్ళు. కత్తులు దూసేవాళ్ళు. అంతటితో సరి. మళ్ళీ మొదట్నుంచి.

చౌడమ్మ పక్కనే చాపమీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. "ఇంట్లో నడిచినట్లే నడుస్తాండావు" అంది.

ఆ మాట ఆయన్ను బాగానే గుచ్చింది. నేత్ర బెంగళూరు పోయాక కూడా ఆడడం ఆపలేదు. గోడవార కూర్చోవడం నేర్చుకున్నాడు. కావలివాడు ఎంతసేపు ఎటు నడిచి ఎక్కడ తిరుగుతాడో చూసేదాకా కదలకుండా ఉండడం నేర్చుకున్నాడు. మధ్యాహ్నం ఎండలో తలుపులేసుకుని, ఫ్యాను కింద, తెరలో ఒక పెంకుటింటి కప్పుమీద బోర్లా పడుకున్న నింజాను అట్లాగే పడుకోబెట్టి, ఆయన కూడా ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు.

ఆటలో నింజా పేరు కెంజి. చౌడమ్మ నోట్లో అది కెంచప్ప అయింది. "కెంచప్ప అన్నం యాడ తింటాడప్పా, పొద్దస్తమానం కప్పులమీదే ఉండాడు" అని అడిగేది. కొన్నాళ్ళకు ఆమె కూడా గింజలు తీయడం ఆపి తెరవైపు తిరిగింది. ఆయన కన్ను నింజామీద ఉంటే ఈమె కన్ను మూలల్లో ఉండేది. "కుడిపక్క లాంతరోడు తిరిగినాడు. ఇప్పుడు పో. వద్దు వద్దు, ఆగు" అని చెప్పేది. టీవీలో వాళ్ళు వింటారేమో అన్నట్లు ఆమె కూడా గొంతు తగ్గించేది.

ఒకరోజు ధాన్యం కొట్టు దగ్గర ఒక కావలివాడు ఈటెకు ఆనుకుని ఆవులిస్తున్నాడు. పిళ్ళప్ప వెనకనుంచి పాకుతూ పోయి వాణ్ణి పొడిచేశాడు. దోవ దొరికింది. గర్వంగా భార్య వైపు చూశాడు.

"వాడేం జేసెనప్పా?" అంది చౌడమ్మ.

ఆయన చేతులు తిప్పాడు. ఆటంటే అంతే అన్నట్లు.

"జీతానికొచ్చినోడు. నిద్దర ఆపుకుని నిలబడుండాడు. నీతో ఏమన్నా కొట్లాడెనా?" ఆమె చింతపండు బుట్ట తీసుకుని వంటింట్లోకి పోయింది.

పిళ్ళప్ప ఆ అంకం మొదట్నుంచి పెట్టాడు. ఎవరినీ చంపకుండా పోవడం చాలా కష్టం. ఒక్కొక్క కావలివాడి వెనక చీకట్లో పడి ఉండాలి, వాడు దగ్గి, ఉమ్మి, మెల్లగా కదిలేదాకా. సాయంత్రానికి గానీ ఆ కొట్టు దాటలేదు. దాటాక పోయి వంటింటి గడప దగ్గర నిలబడి ఒక చప్పట కొట్టాడు. చౌడమ్మ వచ్చి చూసింది. ఆవులించేవాడు బతికే ఉన్నాడు, ఇంకా ఆవులిస్తున్నాడు. "అట్లుండాల" అంది.

రిపోర్టు వచ్చిందని ఆస్పత్రినుంచి ఫోను వచ్చింది. తీరా చూస్తే ఆ గడ్డ ఏమిటో తేలలేదట. ముక్కను ఇంకోసారి చూడడానికి బెంగళూరు పంపుతున్నారట. అంతవరకూ నోరు తెరవొద్దన్నారు. ఆంజనేయప్ప ఒకసారి ఇంటికొచ్చి కాఫీ తాగి పోయాడు. "ఆనంద్‌కుమార్ లాక్కొస్తాండాడు. నీ జాగా నీదే, తొందర పడాకు" అన్నాడు. పిళ్ళప్ప దణ్ణం పెట్టాడు. ఆయన పోయాక ఆ రోజంతా టీవీ పెట్టలేదు.

మరుసటి మధ్యాహ్నం మళ్ళీ ఆట పెట్టాడు. కెంజి ఒక ఇంటి అరుగు కింద దూరి ఉన్నాడు. పైన కావలివాళ్ళు నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ళు పోయేదాకా చేసేదేమీ లేదు. పిళ్ళప్ప టీవీ సద్దు పూర్తిగా తగ్గించి కూర్చున్నాడు. అప్పుడు ఇంటి వెనకనుంచి చౌడమ్మ మాట వినపడింది. బాగేపల్లిలో ఉండే అక్క రామలక్ష్మమ్మతో ఫోనులో మాట్లాడుతోంది.

"గొంతు రాకుంటే పోనీలేక్కా. మనిషుంటే చాలు. ఇన్నేండ్లు అరవాకు అరవాకని నేనే అంటాంటి. ఇప్పుడు ఇంట్లో ఇంత నిశ్శబ్దం నాకు పడేదే లేదు. ఆ మనిషికి భయమున్నట్లే కనపడదు, హాయిగా ఆటాడుకుంటాండాడు. నాకే ఆ రిపోర్టు తలుచుకుంటే భయమైతాంది. నంది గుడికి పోయి మొక్కుకుందామంటే ఈయన్ను ఒంటిగా వదిలి యాడ పోయేది?"

పిళ్ళప్ప రిమోటు కింద పెట్టాడు. తన భయం తన ఒక్కడిదే అనుకున్నాడు ఇంతకాలం. రోజూ పక్కనే కూర్చుని లాంతరు ఎటు తిరిగిందో చెబుతున్న మనిషి లోపల ఇది మోస్తోందని తట్టలేదు. తను మాట్లాడుతూ ఉంటే ఈ మాట తన చెవిన పడేదే కాదు.

ఆయన ఫోను తీసుకుని ఏదో కొట్టుకుంటూ వెనకవైపు పోయాడు. ఇద్దరూ చదివింది కన్నడ బడిలో. తెలుగు మాటే అయినా వాళ్ళు రాసుకునేది కన్నడ అక్షరాల్లో. చౌడమ్మ ఫోను పెట్టేసి తిరిగేసరికి ఆయన తన ఫోను ఆమె కళ్ళ ముందు పట్టుకున్నాడు. నాకూ భయమే అని ఉంది అందులో. కింద ఇంకో వరస. నీకు చెప్తే నువ్వు భయపడతావని చెప్పలేదు.

ఆమె చదివి, కొంగుతో ఫోను అద్దం తుడిచి ఇచ్చేసింది. "అన్నీ విన్నావా?" అంది.

ఒక చప్పట.

"మంచిదేలే" అంది. ఇద్దరూ నీళ్ళ తొట్టి గట్టుమీద కూర్చున్నారు. ఆరోజు తర్వాత వాళ్ళు భయాన్ని దాచుకోలేదు. రిపోర్టు మాట వస్తే ఆయన ఆమె చెయ్యి పట్టుకునేవాడు, ఆమె "చూస్తాం" అనేది. భయం పోలేదు గానీ, ఇద్దరూ చెరొక పక్క పట్టుకున్న బిందెలా కొంచెం తేలికయింది.

కొన్నాళ్ళకు ఆస్పత్రినుంచి మళ్ళీ ఫోను. రిపోర్టు వచ్చిందట, ఇద్దరూ కలిసి రమ్మన్నారు. ఇద్దరూ ఎందుకో చెప్పలేదు. శిడ్లఘట్ట మీదుగా పోయే బస్సులో చౌడమ్మ ఒడిలో సంచి పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ద్రాక్షతోటలు పోయాయి, మల్బరీ తోటలు పోయాయి, ఆమెకు ఏవీ కనపడలేదు. పిళ్ళప్ప ఆమె చెయ్యి వదల్లేదు.

డాక్టరు ఎవరితోనో ఫోనులో ఉన్నాడు. కూర్చోమని సైగ చేశాడు. ఆ కాసేపు ఎంతకీ గడవలేదు. ఫోను పెట్టి, కాగితం తీసి, ఒకసారి పైనుంచి కిందికి చూసి అన్నాడు.

"క్యాన్సర్ కాదు."

ఇన్నాళ్ళూ ఎవరూ పలకని మాట, లేదని చెప్పడానికే మొదటిసారి పైకి వచ్చింది. చౌడమ్మ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"అరిచి అరిచి వచ్చిన గడ్డే. పూర్తిగా పోయింది. ఆయన నోరు తెరిచి అడగలేరు గదా, అడగాల్సింది మీరు అడుగుతారని ఇద్దరినీ రమ్మన్నాను. వానలు పడేదాకా మార్కెట్టు వద్దు. ఆ తర్వాత మైకు పెట్టుకుని చేసుకోవచ్చు. ఎట్లా మాట్లాడితే గొంతుకు బరువు పడదో మా దగ్గర ఒక మేడమ్ నేర్పిస్తారు." డాక్టరు ముందుకు వంగాడు. "ఏదీ, ఇప్పుడు మెల్లగా ఒక మాట మాట్లాడండి."

పిళ్ళప్ప నోరు తెరిచి మూసుకున్నాడు. ధైర్యం చాలలేదు.

"మాట్లాడప్పా" అంది చౌడమ్మ. "ఏదైనా సరే."

ఆయన గొంతు సవరించుకోబోయి, వద్దన్నారని గుర్తొచ్చి, ఆగాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆకలైతాంది."

గొంతు చీలి ఉంది, తగ్గి ఉంది, ఎవరో పక్కింటాయన మాట్లాడినట్లుంది. అయినా మాటే. చౌడమ్మ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పొద్దున ఇద్దరూ ఏమీ తినకుండా బయల్దేరిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు.

బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తిన్నారు, దోసె తిన్నారు, చివర్లో కేసరీబాతు కూడా తెప్పించుకున్నారు. నేత్రకు ఫోను చేశారు. చౌడమ్మ సంగతంతా చెప్పి ఫోను ఆయనకిచ్చింది.

"నేత్రా" అన్నాడు.

"అప్పా, ఎక్కువ మాట్లాడాకు. నేను ఆదివారం వస్తా" అంది నేత్ర.

అక్కడినుంచి ఆటోలో నందికి పోయారు. గుడిలో చల్లటి రాతిమీద నడుస్తుంటే చౌడమ్మ చెప్పులు లేని కాళ్ళకు హాయిగా తగిలింది. భోగనందీశ్వరుని ముందు నిలబడి, ఇంటి దగ్గరే ఎన్నిసార్లు మొక్కుకుందో అన్నిటికీ కలిపి ఒకేసారి దణ్ణం పెట్టుకుంది. పిళ్ళప్ప ప్రసాదం తీసుకుని ప్రాంగణంలో ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. అప్పుడే ఆంజనేయప్ప ఫోను. సంగతి విని, "మంచి మైకు నేనే తెప్పిస్తా. నువ్వు నిదానంగా రా" అన్నాడు. "సరేప్పా" అన్నాడు పిళ్ళప్ప. రెండో వాక్యం చెప్పబోతే చౌడమ్మ ఫోను లాక్కుని పెట్టేసింది.

తిరుగు బస్సులో కూర్చోగానే ఆయన తల వెనక్కి వాలిపోయింది. శిడ్లఘట్ట రాకముందే గురక మొదలైంది. ముందు సీటువాళ్ళు ఇద్దరు తిరిగి చూశారు. చౌడమ్మ ఆయన్ను లేపలేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కిటికీ అద్దం కొంచెం మూసి, చింతామణి వచ్చేదాకా ఆ సద్దు వింటూ కూర్చుంది.