మైకులో మా అక్క

మా అన్నయ్య చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. బాపట్లలో ఎవరిని అడిగినా ఇదే చెప్తారు, విని విని నాకు విసుగెత్తిపోయింది. చెడ్డవాడైతే ఒక దండం పెట్టి ఊరుకునేవాళ్ళం. మంచివాడు కాబట్టే మా అక్క ఇవాళ రేపల్లెలో అద్దె ఇంట్లో ఒక్కతే, గోడ పట్టుకుని బాత్రూముకి నడుస్తోంది.

మేం ముగ్గురం. అన్నయ్య పెద్ద. అమ్మానాన్నలు పోయాక బాపట్ల ఇంట్లో వదినతో ఉంటున్నాడు, చర్చిలో సంఘపెద్ద. అక్క రేపల్లెలో టీచరు, పెళ్ళి చేసుకోలేదు. నేను చిన్నదాన్ని, తెనాలిలో ఒక కాలేజీ ఆఫీసులో పని. అక్క దగ్గరికి ఒక రైలు, అన్నయ్య దగ్గరికి ఇంకో రైలు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు చెప్పుకోవలసినవన్నీ నా చేత మోయించారు.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఆదివారం ప్రసంగానికి ముందు పాస్టరుగారు ప్రార్థన అవసరతలు ఉన్నవాళ్ళు చెప్పమంటారు. మైకు వరసల్లోకి వస్తుంది. ఒకరికి కొడుకు ఇంటర్వ్యూ, ఒకరికి ఆపరేషను, ఒకరికి గట్టు తగాదా. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తారు. కళ్ళు తెరిచేసరికి అందరి సంగతులూ అందరికీ తెలిసిపోయి ఉంటాయి. అందులో ప్రేమ లేదనను. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే జావ కాచి తెచ్చినవాళ్ళు ఆ వరసల్లోంచి వచ్చినవాళ్ళే.

కానీ అక్కకి ఆ మైకు పడదు. డిగ్రీ అయిన కొత్తల్లో ఆమెకి కుదిరిన సంబంధం తప్పిపోయింది. నాన్న ఆదివారం లేచి నిలబడి, ఫలానా కారణమని కూడా దాచకుండా, సంఘానికి చెప్పేశాడు. ఆ తర్వాత చర్చి మెట్ల మీద ప్రతి ఆడమనిషీ అక్క గడ్డం పట్టుకుని ఓదార్చింది. జాలి తట్టుకోలేక ఆమె ఆదివారాలు తలనొప్పి అని పడుకునేది. రేపల్లెలో ఉద్యోగం వచ్చినట్టు తెలిసిన రోజు ఇంట్లో పాటలు పాడుకుంటూ తిరిగింది. ఆ వెళ్ళడం వెళ్ళడం మళ్ళీ పండక్కి, చావుకి తప్ప రాలేదు.

పోయిన ఏడాది ఆమెకి రొమ్ములో గడ్డ బయటపడింది. గుంటూరులో ఆపరేషను, ఆపైన కీమో ఇంజెక్షన్లు, రేడియేషన్ కరెంటు పెట్టించుకోవడం, అన్నీ తోటి టీచరుని వెంటబెట్టుకుని కానిచ్చేసింది. నాకు చెప్పింది, ఇంకెవరికీ చెప్పొద్దంది. నేను చెప్పలేదు. కానీ ఆసుపత్రి వరండాలో బాపట్ల మనిషి ఒకాయన ఆమెని చూశాడు. ఆ సాయంత్రానికే అన్నయ్యకి తెలిసింది, ఆదివారానికి సంఘానికి తెలిసింది. అన్నయ్య మైకు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. ఆ ప్రార్థన అవసరత వాట్సాప్ గ్రూపులు పట్టుకుని ఊళ్ళు దాటింది. వారం తిరక్కుండా రేపల్లె కూరగాయల మార్కెట్లో ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ అక్కని ఆపింది.

"రొమ్ములో గడ్డంటగా టీచరుగారూ, మా సంఘంలో కూడా ప్రార్థన చేశామండి."

అక్క కొన్న కూరలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. ఆ రాత్రి ఫోనులో ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులువయ్యేది. "వాళ్ళు నా మొహం చూడట్లేదే," అంది. "మాట్లాడుతున్నంతసేపూ పైట వంకే చూస్తున్నారు."

తర్వాత ఆమె బాత్రూములో పడింది. ఒంటరిగా ఉండటానికి వీల్లేదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా ఇంటికి తెచ్చుకుందామంటే, ఉన్న ఒక్క గదిలో మంచం పట్టిన మా అత్తగారు, హాల్లో మేము. చోటున్నది బాపట్లలోనే. అందుకని శనివారం శనివారం రేపల్లె బండి ఎక్కి, పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఆమెని ఒప్పించడానికి వెళ్ళేదాన్ని. బతిమాలాను, కోప్పడ్డాను, అమ్మ పేరెత్తాను. ఆమె పెరుగన్నం తిని, డబ్బా కడిగిచ్చి, చీకటి పడకముందే బయల్దేరమనేది. అంత మొండిది.

చివరికి ఒప్పుకుంది. వర్షాలకి ఇంట్లో కరెంటు లేక, నీళ్ళు లేక, ఒక రోజంతా మంచం మీదే ఉండిపోయిందట. వస్తాను గానీ ఒక్క షరతు అంది. తను వచ్చినట్టు ఎవరికీ తెలియకూడదు. నేను స్పీకరు పెట్టి అన్నయ్యకి ఫోను కలిపాను.

"ఎవరికి చెప్తానే? నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?" అన్నాడు. ఆ మాట నటన కాదు. వెనక గదికి సున్నం వేయించాడు, కొత్త మంచం కొన్నాడు, బాత్రూము గోడకి పట్టుకోవడానికి కడ్డీ బిగించి ఫొటో తీసి పంపాడు. ఆ ఫొటో అక్క చాలాసేపు చూసింది. తెల్లారి బట్టలు సర్దుకుంది.

రేపల్లె నుంచి తెనాలి, అక్కడ బండి మారి బాపట్ల. జుట్టు ఊడిన తలకి స్కార్ఫు కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. నిడుబ్రోలు దాటాక చిన్నప్పటి కబుర్లు మొదలుపెట్టింది. అన్నయ్య సైకిలు నేర్పుతానని తనని కాలవలో పడేసిన సంగతి చెప్పి నవ్వింది. ఆమె అలా నవ్వడం చూసి, ఇక అన్నీ చక్కబడ్డట్టే అనుకున్నాను.

స్టేషనులో ఆటో ఎక్కాం. మా వీధి మలుపులోకి రాకముందే మైకు వినిపించింది. ఎవరింట్లోనో ఏదో జరుగుతోందనుకున్నాను. మలుపు తిరిగితే మా ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, తెల్లచీరల్లో స్త్రీల సమాజం వాళ్ళంతా. అక్క ఇంటికొస్తున్నందుకు అన్నయ్య కృతజ్ఞత కూడిక పెట్టించాడు. వీధంతా వినపడేలా పాస్టరుగారి గొంతు: "ప్రభువా, రొమ్ములో గడ్డతో బాధపడుచున్న మా సహోదరిని నీవే ఇంటికి నడిపించుచున్నావు..."

అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆటో అతనితో నెమ్మదిగా, "బాబూ, స్టేషనుకి తిప్పండి," అంది. అన్నయ్య మమ్మల్ని చూసి తెల్లచొక్కాలో ఆటో వెంట పరిగెత్తుకొచ్చాడు. అక్క వెనక్కి తిరగలేదు. నేను తిరిగాను. ఆ మొహంలో ఏం తప్పు జరిగిందో తెలియని అయోమయం తప్ప ఇంకేం లేదు. అప్పుడు ఆయన్ని కొట్టాలనిపించింది.

రాత్రి ఫోను చేశాడు. ఎవరికీ చెప్పొద్దంది, చెప్పలేదుగా, బంధువులక్కూడా చెప్పలేదు అన్నాడు. "సంఘం పరాయివాళ్ళా ఏంటే? సంఘం మనం కాదా?" అన్నాడు. వండించిన అన్నం అంతా మిగిలిపోయిందని కూడా చెప్పాడు. నేను ఫోను పెట్టేశాను.

ఆ తర్వాత ఒక ఆదివారం కావాలనే బాపట్ల చర్చికి వెళ్ళాను. అనుకున్నట్టే అన్నయ్య లేచాడు. రేపల్లెలో ఉన్న తన చెల్లెలి హృదయం మెత్తబడి ఆమె ఇంటికి తిరిగొచ్చేలా ప్రార్థించమన్నాడు. ఇప్పటిదాకా ఒంటికే జబ్బు, ఇప్పుడు మనసుకి కూడా అంటగట్టాడు. ఒళ్ళు మండిపోయింది. నేనూ లేచి మైకు అడిగాను. మా అన్నయ్య నోటికి ఒక తాళం వెయ్యమని ప్రార్థించండి అని అడగాలని రైల్లోనే మాటలు కూర్చుకున్నాను.

మైకు చేతికొచ్చింది. అందరూ నా వంక చూస్తున్నారు. తాళం ఎందుకో చెప్పాలంటే, ఎలా మొదలుపెట్టినా మా అక్క అనక తప్పదు. ఆ రెండు మాటలూ ఆ మైకులో ఇంకొకసారి వినపడతాయి. మైకు వెనక్కి ఇచ్చేశాను.

"సహోదరి దుఃఖంతో మాట్లాడలేకపోతోంది. ఆమె కోసం కూడా ప్రార్థన చేద్దాం," అన్నారు పాస్టరుగారు. తలలన్నీ వంగాయి. అందరికంటే గట్టిగా అన్నయ్య గొంతే వినిపించింది. బయటికొస్తుంటే మెట్ల మీద ఒకావిడ నా గడ్డం పట్టుకుంది.

ఇంటికి వెళ్ళలేదు. తెనాలిలో దిగి, అట్నుంచి అటే రేపల్లె బండి ఎక్కాను. అక్క తలుపు తీసేసరికి చాలాసేపు పట్టింది. ఆదివారం పూట నన్ను చూసి విసుక్కుంది.

"మళ్ళీ రమ్మనడానికొచ్చావా?"

"లేదక్కా," అన్నాను. "రావద్దని చెప్పడానికొచ్చాను."