ప్రభుదాసు కాక చెవి

గోదావరిఖని చౌరస్తా దగ్గర ఒక్క టీ కొట్టులో మాత్రం ఇంకా రాక్షసి బొగ్గు పొయ్యే ఉంది. పోయిన వారం బస్సు దిగి అక్కడ నిలబడ్డానో లేదో, ఆ పొగ ముక్కుకు ఘాటుగా ఎక్కి, కళ్ళలో నీళ్ళు తిరిగి, మా కంపెనీ క్వార్టరు వెనక పెరడు, పొయ్యి ముందు కూర్చుని ఊదుతూ తిడుతూ ఉండే మా అవ్వ, ఫస్టు షిఫ్టు దిగి వచ్చిన మగవాళ్ళ కళ్ళకింద ఏ సబ్బుకూ పోని నల్లటి గీత, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. టీ పోసే ఆయన ఫోన్లోంచి గిటారు వినిపిస్తోంది. అది మా కాక వాయించినది. అయినా తెలియనట్టు, ఎవరిదయ్యా ఆ పాట అని అడిగాను. నా బుద్ధే అంత.

“గిటారు ప్రభుదాసుది. మన బాయిల పని జేసినాయననే. గంత కూడ ఎర్కలేదా మేడం?” అని నన్ను ఎగాదిగా చూశాడు.

ప్రభుదాసు కాక మా నాన్నకు తమ్ముడు. గనిని మా దగ్గర బాయి అంటాం. ఆ బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఎప్పుడో మిషను దవాఖానలో పనిచేసి వెళ్ళిపోతూ ఒక నర్సమ్మ చర్చికి వదిలేసిన గిటారు బీరువా మీద దుమ్ము కొట్టుకుపోతుంటే, పాస్టరు గారిని అడిగి తెచ్చుకుని, నేర్పే దిక్కు లేకుండా తనంతట తానే కీర్తనలకు వాయించడం మొదలుపెట్టాడు. ఒకసారి ఆఫీసర్ల కాలనీలో, కోస్తా నుంచి వచ్చిన ఒక ఇంజినీరు గారింట్లో ఏదో ఇంగ్లీషు పాట మోగుతుంటే, డ్యూటీ నుంచి వస్తున్న కాక సైకిలు దిగి, గోడ పక్కన అట్లాగే నిలబడిపోయాడట. ఆ ఇంటాయన బయటికొచ్చి ఏం కావాలని గద్దిస్తే, “ఏం లేదు సార్, గా పాట అయ్యేదాక నిలబడనియ్యుండ్రి” అన్నాడట. ఆ ఇంజినీరు గారు మంచివాడు. లోపలికి పిలిచి, కుర్చీ వేసి, దీన్ని బ్లూస్ అంటారు, అమెరికాలో నల్లవాళ్ళు పత్తి చేలల్లో, రైలు పట్టాల మీద చాకిరీ చేస్తూ కట్టుకున్న పాటలు అని చెప్పి, క్యాసెట్టు కూడా చేతిలో పెట్టాడు.

ఆ నాటి నుంచి మా ఇంట్లో ఇంకో పాట లేదు. వాళ్ళు తీగల మీద గాజు జారించి వాయిస్తారని తెలిసి, కాక దగ్గుమందు సీసా మెడ కోయించి, అంచు అరగదీసి, చిటికెన వేలికి తొడుక్కున్నాడు. ఎండాకాలం సాయంత్రాలు పెరట్లో నీళ్ళు చల్లి మంచాలు వేస్తే, మట్టి వాసన, మల్లె వాసన, బొగ్గు వాసన కలిసిన ఆ గాలిలో గిటారు మనిషిలా మూలిగేది. మేం పిల్లలం కచ్చకాయలు ఆపి వినేవాళ్ళం. అవ్వకు మాత్రం ఒళ్ళు మండేది. “ఎవలు సచ్చిండ్రురా గిప్పుడు? ఏందా ఏడుపు?” అనేది. క్రిస్మస్‌కు ఇంటినిండా సకినాలు చుడుతూ, గరిజెలు ఒత్తుతూ, నూనె మూకుడు ముందు చెమటలు కక్కుతూ కూడా అదే మాట. అదే అవ్వ, పక్క వరసలో ఒకాయన బాయిలో పోయినప్పుడు, కాక వాళ్ళ వాకిట్లో కూర్చుని వాయిస్తుంటే, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ చెవే బాయిలో కూడా పనికొచ్చింది. ఇనుప రాడుతో పైకప్పును తడితే, గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, పొర విడిచినచోట బోలుగా పలుకుతుంది. పని మొదలయ్యే ముందు కప్పు పరీక్షించే కంపెనీ సర్దారు చూసి సరేనన్నాక కూడా, కాక తట్టి, విని, తలూపితే తప్ప ఆ జట్టులో ఎవరూ కింద అడుగు పెట్టేవాళ్ళు కాదు. అందుకే ఇంజినీరు గారి సాయంతో హైదరాబాదులో క్యాసెట్టు చేస్తామని, నెల రోజులు వచ్చి ఉండాలని కబురు వచ్చినప్పుడు, ఇంట్లో వాళ్ళకంటే జట్టువాళ్ళే ఎక్కువ బెంగపడ్డారు. “నువ్వు పోతే మా కప్పు ఎవలింటరే? రాజమల్లుకు నేర్పి పో” అన్నారు.

రాజమల్లు మామ కాకకు ప్రాణ స్నేహితుడు. ఆరడుగుల మనిషి, ఎప్పుడూ నవ్వు మొహం, మా ఇంటికొస్తే జేబులో నా కోసం పల్లీపట్టీ లేకుండా వచ్చేవాడు కాదు. ఆదివారం చర్చి అయ్యాక పెరటి గోడ దగ్గర పాఠం. బ్లాస్టింగుకు అదిరి అదిరి ఆ గోడకు అక్కడక్కడా గిలాబు పూత లేచిపోయింది, తడితే బోలుగా పలుకుతుంది. కాక వేలుతో చోటు చూపిస్తాడు, మామ రాడుతో తట్టి గట్టిదో బోలుదో చెప్పాలి. పాపం, మామకు ఒక్కటీ తెలిసేది కాదు. నాకు మాత్రం రోజూ బంతి కొట్టీ కొట్టీ ఆ గోడ అణువణువూ తెలుసు. అందుకని కాక వెనక నిలబడి, బోలు చోటు వస్తే రెండు బుగ్గలూ పూరించేదాన్ని. మామ నా వంక చూసి, “బోలు!” అనేవాడు.

ఎందుకు చేశానంటే, పల్లీపట్టీ కోసమని సగం, ఆటగా ఉందని సగం. ఇంకొకటి కూడా ఉంది. మా కాక క్యాసెట్టులో వాయిస్తాడని బడిలో అందరి ముందూ కోతలు కోసి ఉన్నాను. ఆయన పోకపోతే నా పరువేం కాను? నాలుగు ఆదివారాలు తిరిగేసరికి మామ ఒక్కటీ తప్పు చెప్పలేదు. జట్టంతా చప్పట్లు కొట్టింది. కాక సెలవు పెట్టి రైలెక్కాడు.

తొమ్మిదో రోజు వేళకాని వేళ సైరన్ మోగింది. కాలనీ ఆడవాళ్ళంతా చెప్పులు కూడా లేకుండా బాయి దగ్గరికి పరిగెత్తారు. రాజమల్లు మామ తట్టి, గట్టిదే అని చెప్పి, మిగతావాళ్ళను ఆపి, ముందు తనే కిందికి వెళ్ళాడట, కప్పు కూలి మీద పడింది. ప్రాణం దక్కింది గాని, ఎడమ కాలు మోకాలి దాకా తీసేశారు. నేను మూడు రోజులు జ్వరంతో పడుకున్నాను. పిల్ల జడుసుకుంది అన్నారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

కాక రాత్రికి రాత్రి తిరిగొచ్చేశాడు. అప్పటికి మూడు పాటలే రికార్డయ్యాయి. ఇప్పుడు అందరి ఫోన్లలో తిరిగేవి ఆ మూడే. తర్వాత బొంబాయి నుంచి పిలుపు వస్తే, ఆ ఉత్తరం అవ్వ చేతికిచ్చి పొయ్యిలో పెట్టమన్నాడు. పింఛను తీసుకునేదాకా బాయిలోనే ఉన్నాడు. శ్రీరాంపూర్ నుంచి బసంత్‌నగర్ దాకా చర్చిల్లో, చావు ఇళ్ళలో, పెళ్ళిళ్ళలో వాయించాడు. శాలువాలు కప్పారు, హైదరాబాదు నుంచి కుర్రాళ్ళొచ్చి ఆయన వేళ్ళను వీడియో తీసుకుపోయారు. బాయి పైన టోపీ లైట్లు ఇచ్చే గదిలో పని చేసుకుంటూ, రాజమల్లు మామ రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని వచ్చి, వాయించు బావా అని కూర్చునేవాడు.

పోయిన వారం నేను వెళ్ళింది మామ పెద్దకర్మకు. ఆ బాయి మూసేశారు, ఆ మేరంతా ఓపెన్‌కాస్టు గనికి పైనుంచే తవ్వేశారు, మా క్వార్టర్ల వరస, పెరళ్ళు, ఆ గోడా అందులోనే పోయాయి. అందరూ భోజనాలు చేసి వెళ్ళాక, కాక పక్కన కూర్చుని, ఇన్నేళ్ళు దాచుకున్నదంతా కక్కేశాను. బుగ్గలు పూరించి కూడా చూపించాను. యాభై దాటిన దాన్ని, చిన్నపిల్లలా ఏడ్చాను.

కాక తన కండువాతో నా మొహం తుడిచాడు.

“నేను జూడలేదనుకుంటున్నవా బిడ్డా? వాడు గోడకు చెవి పెట్టలే, నా ఎన్కకు జూసిండు. మొదటి ఆదివారమే ఎర్కైంది నాకు. తిరిగి జూస్తే నేను పోవుడు ఆగిపోతదని, నాలుగు వారాలు తల తిప్పలే.”

మామకు ఎప్పుడైనా చెప్పావా అని అడిగాను. లేదని తలూపాడు. ఆ మనిషి రోజూ వచ్చి మా ఇద్దరి మధ్యా కూర్చునేవాడు, చెప్పడానికి ఇన్నేళ్ళ సాయంత్రాలు ఉన్నాయి, మాలో ఒక్కరమూ చెప్పలేదు.