నాట్ల ముందు సూది

మా ఊళ్ళో డాక్టరు మంచివాడా కాదా అని తేల్చడానికి ఒకటే కొలత: సూది వేస్తాడా, వేయడా? వేస్తే అతని చేయి మంచిది. సూది లేకుండా నాలుగు మాటలు చెప్పి పంపేవాడు ఎంత చదివినా దండుగే. భువనగిరిలో నేను అమ్మకు చూపించిన డాక్టరమ్మ ఆ పరీక్షలో తప్పింది. ఆమె అమ్మ వాచిన కాళ్ళు నొక్కి చూసింది, రక్తం పరీక్ష చేయించింది. "కిడ్నీలు దెబ్బతింటున్నయమ్మా. మోకాళ్ళకు ఆ నొప్పుల సూదులు ఇక ఒక్కటి కూడా వద్దు. వినకపోతే రక్తం కడిగే మిషన్ దాకా పోతది" అంది. అమ్మ బుద్ధిగా తలూపింది. బయటికి వచ్చాక, "గీమెకు సూది ఏసుడు రాదేమోనే" అంది.

నాకు ఒళ్ళు మండింది. అమ్మ మీద కాదు, కేతేపల్లి దగ్గర మా ఊళ్ళో ఏళ్ళ తరబడి ఆ సూదులు వేస్తున్న ఆరెంపీ డాక్టరు మీద. ఆ ఆదివారమే ఊరికి పోయాను. అమ్మ ఎలాగూ అతని దగ్గరికి పోతానంటోంది, వెంట పోయి అతని వైద్యమేమిటో కళ్ళారా చూసి కడిగేద్దామని నా ఉద్దేశం. బడిలో పిల్లల కాపీలు దిద్దీ దిద్దీ తప్పు పట్టడం నాకు బాగా అలవాటైంది.

దవాఖాన అంటే పాత కిరాణా దుకాణపు జాగా. రెండు బల్లలు, బతుకమ్మ చీరతో కట్టిన తెర, గోడ మేకుకు గ్లూకోజు సీసా. జ్వరమన్నా సూదే, నడుము నొప్పన్నా సూదే. గోలీలు చిన్న కాగితంలో చుట్టి ఇస్తున్నాడు, వాటి పేరేమిటని అడిగే దిక్కు లేదు. ఒక్కొక్కదానికీ మనసులో ఎర్ర గీత కొడుతూ కూర్చున్నాను. ఇంతలో గొర్లు కాసే ముసలాయన ఛాతీ పట్టుకొని వచ్చాడు. డాక్టరు సూది ముట్టుకోలేదు. చాలాసేపు గొట్టం పెట్టి విని, "తాతా, ఇది నాతోటి కాదు. ఇప్పుడే సూర్యాపేటకు పోవాలె" అని, తనే ఆటో మాట్లాడి ఎక్కించి వచ్చాడు. అది నాకు నచ్చలేదు. కోపంతో కడుపు నింపుకొని పోయినప్పుడు ఎదుటివాడిలో మంచి కనబడితే చిరాకే.

మా వంతు వచ్చింది. అమ్మ తెర వెనక బల్ల మీద గోడ వైపు తిరిగి పడుకుంది. అతను మందు సిరంజీలోకి ఎక్కించాడు.

"ఆగుండ్రి సార్" అన్నాను. "గీ సూది మీ అమ్మకైతే ఇస్తరా?"

అతను చేయి దించి నా వైపు చూశాడు. "ఇయ్య చెల్లె. మా అమ్మకు గూడ మోకాళ్ళ నొప్పులే. ఒక్కటంటే ఒక్కటి గూడ ఇయ్యలే."

దొరికాడనుకున్నాను. "మరి మా అమ్మవి కిడ్నీలు గావా? మా అమ్మది పానం గాదా?" అని మొదలుపెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. అతను అమ్మ వైపు తిరిగాడు. "పెద్దమ్మా, నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అన్నాడు.

"ఏం చెప్పుడు" అంది అమ్మ గోడతోనే. "పోయినేడు కాళ్ళు వాసినప్పుడే చెప్పిండు సారు, కిడ్నీలు కరాబైతయి, సూదులు బందువెట్టుమని. నేనే ఇనలే."

భువనగిరిలో ఏమీ తెలియనట్టు తలూపిన మనిషి ఈమేనా!

"రేపు పొద్దుగాల నాటున్నది బిడ్డా. సూది లేకుంటే వంగరాదు."

మా వైపు చిన్న రైతుల నాట్లు బదులు మీద నడుస్తాయి. ఈ రోజు మీరు మా మడిలో వంగితే, రేపు మేము మీ మడిలో వంగాలి. వాడకట్టు ఆడవాళ్ళంతా అంతకు ముందే మా మడి నాటిపోయారు. కూలికి ఒక మనిషిని పెడదాం, పైసలు నేనిస్తానన్నాను.

అమ్మ దిగ్గున లేచి కూర్చుంది. "బదులుకు కూలి మనిషిని తోలుతరానే? మన మడిల వంగినప్పుడు వాళ్ళ నడుములు నొయ్యలేదా? నేను మంచమెక్కితే రేపటి సంది మన పొలంల అడుగు వెట్టేదెవరు? నువ్వొస్తవా?"

నాకు సోమవారం బడి.

"నేనియ్యకుంటే పక్కూరికి పోయి ఏపిచ్చుకుంటది చెల్లె. ఆడ గీ మాట గూడ చెప్పరు" అన్నాడతను. అది నిజమో సాకో నాకిప్పటికీ తెలియదు. నిజమే అయినా, ఇవ్వనని ఒక్కసారి గట్టిగా అనాల్సింది అతను కాదా అని ఇప్పటికీ కోపమే. "గిదే ఆఖరు పెద్దమ్మా" అంటూ దగ్గరికి వచ్చాడు.

"పోయిన నాట్లప్పుడు గూడ గట్లనే అన్నవు గదా సారూ!" అని అమ్మ నవ్వి మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకుంది. నేను అతని చేయి పట్టుకున్నాను. అమ్మ వెనక్కి చేయి చాచి నా చేయి విడిపించింది.

కాసేపు కూర్చోబెట్టి పంపాడు. పోయేటప్పుడు నా భుజం మీద బరువంతా వేసి ఈడ్చుకుంటూ వచ్చిన మనిషి, వచ్చేటప్పుడు నాకన్నా ముందు నడిచింది. వాచిన పాదాల్లోకి చెప్పుల పట్టీలు దిగబడి ఉన్నాయి. వాటినే చూస్తూ వెనక నడుస్తుంటే భయంతో నాకు ఏడుపొచ్చింది. మూల తిరిగే చోట అమ్మ ఆగి, నడుము మీద చేయి పెట్టుకొని నవ్వింది.

"జల్ది నడువు, ఎసరు వెట్టాలె. చూసినవా బిడ్డా, గీ సారు చెయ్యి ఎంత మంచిదో!"