విప్పిన ఓడ

మా మామయ్యను రేవులో అందరూ సరంగు అనే పిలిచేవారు. ఓడ మీద కళాసీలందరికీ పెద్ద అన్నమాట. అమ్మకు సొంత తమ్ముడు. ఆ ఓడ మా నాన్నది. సిమెంటు బస్తాలు వేసుకుని పై రేవు నుంచి కింది రేవుకు వెళ్ళి, వచ్చేటప్పుడు ఉప్పు తెచ్చేది. పేరుకు నాన్నదే గానీ దాని మంచీచెడ్డా తెలిసింది మామయ్యకే. పెళ్ళి చేసుకోమని అమ్మ పోరు పెడితే, "ఉన్న ముసలిదాన్ని ఏం చేయమంటావక్కా?" అని రేవు వైపు చెయ్యి చూపించేవాడు.

రేవు గేటు బయట టీ కొట్టు ముందు పొడవాటి బల్ల ఒకటి ఉండేది. మామయ్య వస్తుంటే బల్ల మీద కూర్చున్న కళాసీలు మాట ఆపకుండానే పక్కకు జరిగేవారు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆయనకు చోటు దానంతట అదే వచ్చేది. చిన్నప్పుడు ఆయన పక్కన ఇరుక్కుని కూర్చోవడం నాకు భలే గొప్పగా ఉండేది.

నేను కాలేజీలో ఉన్నప్పుడు రేవంతా ఒకటే గుబులు. పరాయి దేశాల జెండా ఓడలు చవగ్గా సరుకు మోస్తున్నాయని, మనవాళ్ళ పనులు ఊడతాయని. చట్టం మాత్రం మన వైపే ఉంది. మన రేవు నుంచి మరో మన రేవుకు వెళ్ళే సరుకు మన జెండా ఉన్న ఓడే మోయాలి. మన ఓడ ఏదీ సిద్ధంగా లేదని సర్కారు అధికారి వచ్చి చూసుకున్నాకే పరాయి ఓడకు అనుమతి.

"మా బావ ఓడ తిరుగుతున్నంత కాలం మీ పనులకు ఢోకా లేదు. పూచీ నాది," అని ఆ బల్ల మీదే కూర్చుని మామయ్య అందరికీ మాట ఇచ్చాడు.

వానలు వెలిశాక నాన్న ఆయన్ని ఇంటికి పిలిచి, "ఏరా, ఓడను పూర్తిగా విప్పి బాగు చేయిద్దామా?" అన్నాడు. మామయ్య ముఖం వెలిగిపోయింది. ఏళ్ళ తరబడి కాళ్ళావేళ్ళా పడి అడుగుతున్న పని అది. మర్నాటి నుంచి తిండీ నిద్రా మరిచిపోయాడు. బరువులెత్తే యంత్రాలు ఊడదీయించాడు. లంగరు గొలుసు మొత్తం గట్టు మీదికి లాగించి తుప్పు గీకించాడు. సరుకు గదుల మూతలు దించి రంగు వేయించాడు.

ఒక మధ్యాహ్నం నేను అన్నం తీసుకెళ్ళినప్పుడు అధికారి వచ్చాడు. ఆయన ఎందుకొచ్చాడో నాన్న ఎవరికీ చెప్పలేదు. పని ఎలా సాగుతోందో చూడటానికనుకుని మామయ్య దగ్గరుండి అన్నీ చూపించాడు.

"ఇప్పట్లో కదులుతుందా?" అని అడిగాడు అధికారి.

"ఎక్కడ సార్! చలికాలం దాటితేగానీ రేవు దాటదు. పైపైన చేసే అలవాటు మాకు లేదు," అన్నాడు మామయ్య గర్వంగా.

అధికారి నవ్వి, కళాసీలందరి ముందూ ఆయనతో చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా పరాయి జెండా ఓడ వచ్చి మా ఓడ పక్కనే ఆగింది. మా సిమెంటే ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. దాని మీద పనివాళ్ళు కూడా పరాయివాళ్ళే. ఇదేం అన్యాయమని అడగడానికి మామయ్య పరుగున వెళితే, ఆ ఓడ మెట్లు దిగుతూ నాన్న ఎదురయ్యాడు. దాన్ని కిరాయికి తెచ్చింది ఆయనే.

సాయంత్రం మామయ్య మా ఇంటికి వచ్చాడు.

"విప్పమన్నది ఇందుకా బావా?"

నాన్న తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "చట్టం తప్పలేదు కదరా. మన ఓడ సిద్ధంగా లేదు. నువ్వే చెప్పావుగా," అన్నాడు. "ఆ ముసలిదాన్ని తుక్కు కింద అడుగుతున్నారు, ఇచ్చేద్దాం. నీకేం భయం లేదు, గోదాం కాపలా నీకని ఉంచాను."

"మిగతావాళ్ళకో?"

నాన్న తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. అమ్మ చేతిలోని గిన్నె ఠక్కున కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చేసిన మోసం కూడా సొంత నోటితో చేయలేదు, నమ్మినవాడి నోటితో చేయించాడు. ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను, ఇప్పుడూ అంటాను.

మామయ్య మాత్రం మెల్లగా, "కాపలా వద్దు బావా. తీసుకుంటే నేనూ ఇందులో ఉన్నట్టే," అని లేచాడు.

మర్నాడు పొద్దున ఆయన వెంట నేనూ టీ కొట్టుకు వెళ్ళాను. బల్ల మీద అందరూ ఉన్నారు. మామయ్యను చూశారు. ఎవరూ జరగలేదు. ఓడలో వంటవాడు, మామయ్యతో ఒకే కంచంలో తిన్నవాడు, తలెత్తకుండా, "బావా బావమరుదులు బాగానే నడిపించారు," అన్నాడు.

"మామయ్యకేం తెలియదు!" అని అరిచాను.

మామయ్య నా భుజం పట్టుకుని పక్కకు తీసుకొచ్చాడు. నిలబడే టీ తాగాడు.

"చెప్పు మామయ్యా, నీకు తెలియదని నువ్వే చెప్పు!"

"ఏమని చెప్పనమ్మా? వాళ్ళ కళ్ళముందే ఆఫీసరుకు అన్నీ చూపించానుగా," అన్నాడు. "వాళ్ళ చోట నేనుంటే నేనూ నమ్మను."